ఇశ్రాయేలు ఎవరు: ఒక పేరు, ఇద్దరు వారసులు

ఎవరి స్మృతిలో మనం ఇక్కడ సమావేశమయ్యామో ఆ ఆచార్యులు హెబ్రీ లేఖనాలను అవి పుట్టిన కాలంలో, పుట్టిన నేల మీద నిలబెట్టి చదవాలని జీవితాంతం బోధించారు. వారి శిష్యులు ఎందరో ఈ సభలో ఉన్నారు.

ఈనాటి నా ప్రసంగ విషయం ఒక ప్రశ్న. బైబిలు చెప్పే ఇశ్రాయేలు ఎవరు? యాకోబు సంతతిగా తమను తాము ఎరిగి, ధర్మశాస్త్రాన్ని మోస్తూ నేటికీ జీవిస్తున్న యూదు ప్రజలా? క్రీస్తునందు విశ్వాసముంచి సకల జనులలోనుంచి కూడిన సంఘమా? సుమారు పందొమ్మిది వందల ఏళ్లుగా ఈ ప్రశ్న మీద తర్కం నడిచింది. తర్కంతో ఆగిపోలేదు, నెత్తురు పారింది. నేను నిరూపించదలచినది ఇది. అబ్రాహాము ఇంటి తలుపు పరాయివానికి కూడా తెరిచే ఉందన్న సంగతిలో ఈ రెండు మతాలకూ భేదం లేదు. భేదం వచ్చిందల్లా ఆ గడప దాటినవాడు ఏ బాధ్యతకు కట్టుబడాలి, మొదటినుంచీ ఆ ఇంట ఉన్నవాళ్ల హక్కు ఏమవుతుంది అన్నచోట. తాను ఆ ఇంట చేరానని సంఘం చెప్పుకోవడం న్యాయం. ఇంటివాళ్లకిక అక్కడ చోటు లేదనడం మాత్రం సంఘం చేతిలోని లేఖనమే ఒప్పుకోని మాట.

ఈ పేరు మొదట ఒక మనిషిది. ఆదికాండం చెప్పే ప్రకారం యాకోబు యబ్బోకు రేవు దగ్గర తెల్లవారేదాకా ఒకనితో పెనుగులాడి, తొడ గూడు వసిలి, కుంటుతూ ఆ పేరు మోసుకొచ్చాడు. తరవాత అది అతని పన్నెండుమంది కొడుకుల వంశానికి పేరైంది. బైబిలు బయట ఈ పేరు మనకు మొదటిసారి కనిపించేది ఐగుప్తు రాజు మెర్నెప్తా శిలాశాసనంలో. 1896లో ఫ్లిండర్స్ పెట్రీ తేబేసులో వెలికితీసిన ఆ రాయి కాలం సుమారు క్రీ.పూ. 1208. కనాను పట్టణాల పేర్ల పక్కన దేశాన్ని సూచించే గుర్తు చెక్కిన లేఖకుడు, ఇశ్రాయేలు పేరు పక్కన జన సమూహాన్ని సూచించే గుర్తు చెక్కాడు. రాజ్యమూ రాజధానీ లేని రోజుల్లోనే అది ఒక ప్రజగా పొరుగువారి కంటికి ఆనింది. ఆ రాజు మాత్రం ఆ ప్రజ బీజమే నశించిందని ప్రకటించుకున్నాడు.

సొలొమోను తరవాత రాజ్యం చీలినప్పుడు ఈ పేరు ఉత్తరాన పది గోత్రాల రాజ్యానికి దక్కింది. దక్షిణాన మిగిలింది యూదా. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఉత్తర రాజ్యపు రాజధాని షోమ్రోను అష్షూరు వశమైంది. అక్కడినుంచి 27,290 మందిని చెరపట్టుకుపోయానని అష్షూరు రాజు రెండవ సర్గోను తన శాసనంలో చెప్పుకున్నాడు. అలా ఇశ్రాయేలనే రాజ్యం పటం మీదనుంచి చెరిగిపోయాక, ఆ పేరును తనదిగా చేసుకుని నిలబెట్టింది యూదా. క్రీ.పూ. 586లో బబులోను చేతిలో యెరూషలేము కూలిన తరవాత, చెరలో ఉన్నవారు, చెరనుంచి తిరిగివచ్చినవారు తామే ఇశ్రాయేలు శేషమన్నారు. గెరిజీము కొండ మీద ఆరాధించే సమరయులు మేమూ ఇశ్రాయేలేనన్నారు. వెయ్యిమందికి లోపే మిగిలినా నేటికీ అదే మాట మీద ఉన్నారు. మృతసముద్రం ఒడ్డున కుమ్రానులో గ్రంథపు చుట్టలు రాసుకున్నవారు, యెరూషలేము యాజకులు దారి తప్పారనీ నిబంధన తమ గుంపులోనే నిలిచిందనీ నమ్మారు. కాబట్టి ఇశ్రాయేలు ఎవరన్న ప్రశ్నను క్రైస్తవులు కొత్తగా తెచ్చిపెట్టలేదు. అది ఇశ్రాయేలు ఇంటి లోపల పుట్టిన ప్రశ్న.

హెబ్రీ గ్రంథమే ఆ ప్రశ్నను రెండు వైపులా లాగుతుంది. ఎజ్రా కాలంలో అన్యస్త్రీలను విడిచిపెట్టమన్నారు. రూతు గ్రంథం మోయాబు స్త్రీని దావీదు మహారాజుకు తాతమ్మను చేసి కూర్చోబెట్టింది. హోషేయ తన బిడ్డకు లోఅమ్మీ అని పేరు పెట్టి, మీరు దేవుని జనం కారని ఉత్తర రాజ్యాన్ని గద్దించాడు. ఆ గద్దింపు పక్కనే, కారని చెప్పినచోటనే జీవముగల దేవుని పిల్లలని వారికి పేరు వస్తుందన్నాడు. ఆమోసు మరీ కఠినుడు. ఇశ్రాయేలును ఐగుప్తునుంచి రప్పించిన దేవుడే ఫిలిష్తీయులను కఫ్తోరునుంచి రప్పించాడని గుర్తుచేసి, ఏర్పాటును అతిశయానికి ఆధారం చేసుకునే వీలు లేకుండా చేశాడు. తరవాతి రెండు మతాల వాదాలకూ విత్తనాలు ఈ ప్రవక్తల దగ్గరే ఉన్నాయి.

ఇక పౌలు దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడాలి. క్రైస్తవ పక్షాన ఈ వాదానికి పునాది అతనిదే, అతని మాటలే ఎక్కువ తప్పుగా వాడబడ్డాయని కూడా నా అభిప్రాయం. రోమీయులకు పత్రిక రాసేనాటికి, అంటే సుమారు క్రీ.శ. 57లో, యెరూషలేము దేవాలయం నిలిచే ఉంది. పౌలు తనను తాను బెన్యామీను గోత్రికుడనని చెప్పుకుంటున్నాడు. క్లౌదియ చక్రవర్తి కొన్నేళ్ల ముందు యూదులను రోమునుంచి వెళ్లగొట్టాడు; యూదు దంపతులు అకుల, ప్రిస్కిల్ల కొరింథుకు వచ్చిపడింది ఆ ఆజ్ఞవల్లనే. చక్రవర్తి చనిపోయాక యూదు విశ్వాసులు రోముకు తిరిగొచ్చేసరికి అక్కడి సంఘాలు అన్యజనుల చేతుల్లో ఉన్నాయి. వెళ్లగొట్టబడి వచ్చినవారిని చూసి ఉన్నవారికి కలిగిన చిన్నచూపును ఎదురుగా పెట్టుకుని చదివితేనే ఆ పత్రిక తొమ్మిది, పది, పదకొండు అధ్యాయాల అంతరార్థం తెలుస్తుంది.

తొమ్మిదో అధ్యాయంలో పౌలు ఇశ్రాయేలు వంశాన పుట్టినవారందరూ ఇశ్రాయేలు కారంటాడు. వాగ్దానం శరీర సంబంధాన్ని మించినదని ఇస్సాకు, యాకోబుల ఉదాహరణలతో వాదిస్తాడు. హోషేయ మాటను తీసుకుని అన్యజనులకూ వర్తింపజేస్తాడు. ఇక్కడే పుస్తకం మూసేస్తే, సంఘమే ఇశ్రాయేలు, పాత ఇశ్రాయేలు కథ ముగిసిందని చెప్పవచ్చు. ఎందరో అలాగే మూసేశారు. అయితే పౌలు ఆగలేదు. పదకొండో అధ్యాయంలో, దేవుడు తన ప్రజలను విసర్జించాడా అని తానే అడిగి, ఎన్నటికీ కాదని తానే జవాబిస్తాడు. ఒలీవ చెట్టును చూపిస్తాడు. కొన్ని సహజమైన కొమ్మలు విరిచివేయబడ్డాయి, అడవి ఒలీవ కొమ్మ అంటుకట్టబడింది. తోటమాలి అడవి చెట్టు మీద మంచి కొమ్మను కడతాడు. పౌలు దాన్ని తలకిందులు చేసి, ఇది స్వభావ విరుద్ధంగా జరిగిందని తానే ఒప్పుకుంటాడు. కొత్త కొమ్మ మంచిదని తెచ్చి కట్టలేదు, అది వేరు దయ మీద బతుకుతున్నది, వేరును అది మోయడం లేదు అని చెప్పడమే అతని ఉద్దేశం. చివరికి ఇశ్రాయేలంతా రక్షింపబడుతుందని, దేవుని వరాలకూ పిలుపుకూ వెనక్కి తీసుకోవడం ఉండదని ముగిస్తాడు. అది ఎలాగన్నది మర్మమంటాడు. సంఘ చరిత్రలో గొప్ప దుఃఖం ఏమిటంటే, అపొస్తలుడు మర్మమని వదిలిన చోట తరవాతివారు తీర్పు రాసి ముద్ర వేశారు.

ఆ తీర్పుకు చారిత్రక సందర్భం లేకపోలేదు. క్రీ.శ. 70లో రోమా సైన్యం దేవాలయాన్ని తగలబెట్టింది. 132నుంచి 135 దాకా బార్ కోఖ్బా నాయకత్వాన జరిగిన తిరుగుబాటును హద్రియాను అణచివేసి, యెరూషలేమును ఏలియా కాపిటోలినా అనే రోమా పట్టణంగా మార్చి, యూదులను అందులో అడుగుపెట్టనివ్వలేదు. చాలామంది క్రైస్తవులకు అది దేవుడే చేసిన నిర్ణయంగా కనిపించింది. షెకెము దగ్గర నెయాపొలిసులో, అంటే ప్రాచీన ఇశ్రాయేలు నడిబొడ్డున, అన్యుల ఇంట పుట్టిన జస్టిన్, రెండో శతాబ్దం మధ్యలో ట్రైఫో అనే యూదునితో సంభాషణ రాశాడు. నిజమైన, ఆత్మసంబంధమైన ఇశ్రాయేలు మేమేనని సూటిగా చెప్పిన తొలి క్రైస్తవ రచన మనకు దొరికినంతలో అదే. ట్రైఫో ఆ యుద్ధంనుంచి తప్పించుకుని వచ్చినవాడిగా అందులో కనిపిస్తాడు. ఊరూ గుడీ పోగొట్టుకున్న మనిషితో, నీ పేరు కూడా నాదేనని వాదం జరుగుతున్నది. ఈ సంగతి మన కళాశాలల్లో జస్టిన్‌ను బోధించేటప్పుడు చెప్పడం అరుదు.

జస్టిన్ పట్ల కూడా న్యాయంగా ఉండాలి. అదే కాలంలో మార్సియన్ పాత నిబంధన మొత్తాన్ని, దాని దేవునితో సహా, పారేయమన్నాడు. 144లో రోము సంఘం అతన్ని వెలివేసింది. మార్సియన్ గెలిచివుంటే క్రైస్తవానికి కీర్తనలు ఉండవు, యెషయా ఉండడు, అబ్రాహాము ఉండడు. ఆ ప్రమాదాన్ని సంఘం ఎదుర్కొన్నది ఇశ్రాయేలు గ్రంథం మాది, ఇశ్రాయేలు దేవుడు మా దేవుడు అన్న పట్టుదలతోనే. కాపాడిన వాదమూ గాయపరచిన వాదమూ ఒకే నోట వచ్చాయి. 'మాది' అన్నంతవరకు కాపాడింది. 'మీది కాదు' అన్న క్షణంనుంచి గాయపరచింది.

రబ్బీలు ఏమన్నారు? ఈ వైపు మన తెలుగు క్రైస్తవ సాహిత్యంలో దాదాపు శూన్యం గనుక విస్తరించి చెబుతాను. రబ్బీల ధర్మసంకలనమైన మిష్నాలో ప్రథమ ఫలాల గురించిన ప్రకరణం ఉంది. పండిన తొలి పంటను బుట్టలో పెట్టి దేవాలయానికి తెచ్చిన రైతు, మా పితరులకు ప్రమాణం చేసిన దేశానికి వచ్చానని యాజకుని ముందు పలకాలి. మతంలో చేరిన పరదేశి తన బుట్ట తెస్తే? తేవచ్చు గాని ఆ మాట పలకరాదని మిష్నా తీర్పు. అతని పితరులు ఆ పితరులు కారు. ప్రార్థనలో కూడా అతడు మా పితరుల దేవా అనకుండా, ఇశ్రాయేలు పితరుల దేవా అనాలి. బుట్ట చేతిలో ఉంది, మాట గొంతులో ఆగిపోయింది. ఇంతటితో విషయం ముగిసివుంటే, ఇశ్రాయేలంటే రక్తసంబంధం మాత్రమేనని యూదు మతం చెప్పినట్టయ్యేది.

ముగియలేదు. మిష్నాకు వివరణగా పుట్టిన యెరూషలేము తల్మూదులో రెండో శతాబ్దపు గురువు రబ్బీ యూదా పేరున దీనికి విరుద్ధమైన తీర్పు ఉంది. ఆ పరదేశి పలకవచ్చు, ఎందుకంటే దేవుడు అబ్రాహామును అనేక జనములకు తండ్రిగా నియమించాడు. ఆదికాండం పదిహేడో అధ్యాయంలోని ఆ వాక్యమే రోమీయులకు పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలుకు ఆధారం. సున్నతి లేని అన్యజనులకు అబ్రాహాము తండ్రి అని పౌలు నిరూపించింది ఆ వాక్యంతోనే. సున్నతి పొంది ధర్మశాస్త్రాన్ని స్వీకరించిన పరదేశికి అబ్రాహాము తండ్రి అని రబ్బీ యూదా తేల్చింది కూడా ఆ వాక్యంతోనే. ఈ రెండు పంక్తులను ఎదురెదురుగా పెట్టి చదివినప్పుడు రెండు మతాల బంధుత్వమూ, ఎడబాటూ ఒక్కసారిగా తేటపడతాయి. వాక్యం ఒక్కటే, కాని గడప దగ్గర అడిగేది వేరు.

పన్నెండో శతాబ్దంలో ఓబద్యా అనే పేరు తీసుకున్న ఒక పరదేశి ఇదే ప్రశ్నతో ఈజిప్టులో ఉన్న మోషే బెన్ మైమోనుకు, అంటే మైమోనిడీస్‌కు, ఉత్తరం రాశాడు. మా పితరుల దేవా అని నేను అనవచ్చునా? ఆ మహాపండితుని జవాబు యూదు సాహిత్యంలోని గొప్ప ఉత్తరాల్లో ఒకటి. అన్నీ ఉన్నదున్నట్టు పలుకు, నీకూ మాకూ ఏ భేదమూ లేదు, అబ్రాహాము దారిన నడిచిన ప్రతివాడూ అతని శిష్యుడూ ఇంటివాడూ అన్నాడు. మా వంశం అబ్రాహాము ఇస్సాకు యాకోబులదైతే, నీ వంశం నేరుగా సృష్టికర్తదేనన్న అర్థంలో ఓదార్చాడు. యూదులందరూ ఇలాగే అనలేదు. అదే శతాబ్దంలో స్పెయిన్ కవి యూదా హలేవి, మతంలో చేరినవాడు పుట్టుకతో ఇశ్రాయేలైనవానితో సమానుడు కాడని రాశాడు. ఈ చర్చ వాళ్ల ఇంట్లో నేటికీ సాగుతున్నది. అమెరికాలోని రిఫార్మ్ యూదులు 1983లో, తల్లి యూదురాలు కాకపోయినా తండ్రి యూదుడై, పెంపకం యూదు జీవనంలో సాగితే ఆ బిడ్డ యూదుడేనని నిర్ణయించారు. ఆర్థడాక్స్ వారు అంగీకరించలేదు.

అయితే రబ్బీల ఆలోచనలో క్రైస్తవులు సాధారణంగా గమనించని భాగం ఇంకొకటి ఉంది. దేవుని దృష్టిలో నీతిమంతుడు కావడానికి పరదేశి ఇశ్రాయేలు కానవసరమే లేదు. నోవహు సంతతికి ఇచ్చిన ఏడు ఆజ్ఞలను పాటించే అన్యజనుల్లోని నీతిమంతులకు రాబోయే లోకంలో పాలు ఉందన్నదే తరవాతి కాలంలో స్థిరపడిన అభిప్రాయం. అంటే యూదునికి ఇశ్రాయేలు పేరు ప్రధానంగా ఒక భారాన్ని గుర్తుచేస్తుంది: సబ్బాతు, ఆహార నియమాలు, వందలాది ఆజ్ఞలు. మోసేవాడు మోస్తాడు, మోయనివాడు నశించడు. క్రైస్తవునికి ఇశ్రాయేలు పేరు ప్రధానంగా వాగ్దానం. వాగ్దానంలో పాలివాడు కావడమే రక్షణ గనుక, అందులో చేరడం అతనికి ప్రాణంతో సమానం. ఒకే పేరును ఒకరు కర్తవ్యంగా, ఒకరు ఆశ్రయంగా పట్టుకున్నారు. వాదంలో ఇద్దరూ ఒకరిమాట ఒకరికి వినపడకుండా మాట్లాడడానికి ఇది పెద్ద కారణమని నేను భావిస్తున్నాను.

పాపం చేసినా ఇశ్రాయేలు ఇశ్రాయేలే అన్నది తల్మూదులోని మరొక సూత్రం. దీనికి ఆధునిక కాలంలో కఠినమైన పరీక్ష వచ్చింది. పోలండులో యూదుడిగా పుట్టిన ఓస్వాల్డ్ రూఫైజన్ రెండో ప్రపంచయుద్ధంలో తన గుర్తింపు దాచుకుని జర్మను పోలీసుల దగ్గర దుబాసీగా చేరి, మీర్ పట్టణపు ఘెట్టోను నిర్మూలించబోతున్నారని ముందే తెలియజేసి, వందలాదిమంది యూదులు అడవిలోకి తప్పించుకునేలా చేశాడు. కన్యాస్త్రీల మఠంలో దాక్కున్నకాలంలో క్రైస్తవుడయ్యాడు, తరవాత కార్మెలైట్ సన్యాసి అయ్యాడు. ఇజ్రాయెల్ వెళ్లి, యూదుడిగా తనకు హక్కుంది గనుక 1950నాటి ప్రత్యాగమన చట్టం కింద పౌరసత్వం ఇమ్మన్నాడు. మత శాస్త్రం ప్రకారం అతడు యూదుడే కావచ్చునని సుప్రీంకోర్టు గుర్తించింది. అయినా లౌకిక చట్టంలో, సామాన్య యూదుడు అర్థం చేసుకునే రీతిలో, మరో మతం స్వీకరించినవాడు ఆ పేరుకు రాడని 1962లో ఆధిక్య తీర్పు ఇచ్చింది. తరవాత అతడు మామూలు పద్ధతిలో పౌరసత్వం పొంది, హైఫాలో జీవించి, అక్కడే 1998లో కన్నుమూశాడు. పుట్టుకా, విశ్వాసమా, ప్రజలతో పంచుకున్న చరిత్రా? ఏది ఇశ్రాయేలును నిర్ణయిస్తుంది? ఆ ఒక్క మనిషి జీవితంలో అన్ని జవాబులూ ఒకదాన్నొకటి ఢీకొన్నాయి.

మళ్లీ మధ్యయుగానికి వస్తాను. రాజ్యాధికారం చేతికి వచ్చాక సంఘం వాదన రూపం మారింది. రిబ్కా గర్భంలోని కవలల కథను సంఘపితరులూ రబ్బీలూ ఇద్దరూ తమకు అనుకూలంగానే చదివారు. సంఘపితరులకు పెద్దవాడైన ఏశావు యూదులు, చిన్నవాడైన యాకోబు సంఘం. రబ్బీలకు ఏశావు అంటే ఎదోము, ఎదోమంటే రోము, రోము క్రైస్తవమయ్యాక ఎదోమంటే క్రైస్తవ రాజ్యం. ఇద్దరూ యాకోబులే, ఎదుటివాడే ఏశావు. తేడా ఏమిటంటే ఒక యాకోబు చేతిలో కత్తి ఉంది. యూదులను చంపరాదు, వారు మన లేఖనాలకు సాక్షులుగా చెదరి ఉండాలి అన్న అగస్టీన్ మాట కొంత అడ్డుకట్ట అయింది. అది కూడా అవమానంతో కూడిన రక్షణే. 1096లో మొదటి క్రూసేడు గుంపులు వోర్మ్స్, మైంజ్ యూదులను ఊచకోత కోసినప్పుడు ఆ అడ్డుకట్టా నిలవలేదు.

స్ట్రాస్‌బర్గ్ కతీడ్రల్ దక్షిణ ద్వారం దగ్గర సుమారు 1230లో చెక్కిన రెండు స్త్రీమూర్తులు ఉండేవి. మూలశిల్పాలు ఇప్పుడు పక్కనున్న మ్యూజియంలో ఉన్నాయి. ఒకామె సంఘం: తల మీద కిరీటం, ఒక చేత సిలువ, మరో చేత పాత్ర, నిటారైన నిలకడ. రెండో ఆమె యూదుల సమాజమందిరం: కళ్లకు గంత, చేతిలో ఈటె ముక్కలు ముక్కలుగా విరిగి ఉంది, ధర్మశాస్త్రపు పలకలు వేళ్లనుంచి జారిపోతున్నాయి, తల పక్కకు వాలిపోయింది. ఆ గంత పలచగా, కనురెప్పల ఆకారం కింద కనిపించేంత సున్నితంగా ఉంటుంది. శిల్పి ఆమెను వికృతంగా చెక్కలేదు; ఇద్దరిలోనూ ఆమే ఎక్కువ సుందరి అని చూసినవారు చాలామంది అంటారు. అక్షరం రాని భక్తుడికి వేదాంతం ఆ రాయే. 1349 ఫిబ్రవరి 14న, బావుల్లో విషం కలిపారన్న అబద్ధపు నిందతో ఆ ఊరి యూదులను వందలకొద్దీ సజీవంగా కాల్చేశారు. శిల్పం నిప్పు పెట్టిందని నేను అనను. కళ్లు లేవనీ, కాలం చెల్లిందనీ తరతరాలుగా చూపిస్తూ వచ్చిన ప్రజ మీద చెయ్యెత్తడం సులువైందని మాత్రం అంటాను. సంఘ సంస్కరణ కూడా ఈ రోగాన్ని నయం చేయలేదు. 1523లో యేసు యూదుడై పుట్టాడని సానుభూతితో రాసిన లూథరే 1543లో సమాజమందిరాలను తగలబెట్టమని రాశాడు. ఆ రాతలను నాజీలు తమ ప్రచారానికి వాడుకున్నారు.

ఈ మార్గంనుంచి సంఘాన్ని వెనక్కి పిలిచినవారిలో ఒక యూదు చరిత్రకారుడు ఉండడం గమనించదగినది. ఫ్రాన్సు బడిపిల్లల చరిత్ర పాఠ్యపుస్తకాలతో పేరుపొందిన జూల్ ఇసాక్ భార్యను, కుమార్తెను నాజీలు ఔష్విట్జ్‌కు పంపి చంపారు. ఆయన దాగి బతుకుతూనే సువార్తలను పరిశోధించి, యూదుల పట్ల క్రైస్తవులు బోధిస్తూ వచ్చిన తిరస్కారానికి సువార్తల్లో ఆధారం లేదని నిరూపించే గ్రంథం రాశాడు. అది 1948లో అచ్చయింది. 1960 జూన్ 13న, ఎనభై దాటిన వయసులో, పోపు ఇరవైమూడవ జాన్‌ను కలిసి ఈ విషయం విన్నవించాడు. రెండో వాటికన్ మహాసభ 1965 అక్టోబర్ 28న వెలువరించిన ప్రకటనకు 2,221 మంది అనుకూలంగా, 88 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. అందులోని నాలుగో భాగం రోమీయులకు పత్రిక పదకొండో అధ్యాయానికి తిరిగి వెళ్లింది. యూదులను దేవుడు విసర్జించినవారిగా, శపించినవారిగా చూపరాదన్నది. యూదులతో దేవుని నిబంధన ఎన్నడూ రద్దుకాలేదని రెండవ జాన్ పాల్ 1980లో మైంజ్‌లోనే, అంటే 1096నాటి నెత్తురు పారిన ఊరిలోనే, చెప్పారు. 2000లో యూదు పండితులు దబ్రు ఎమెత్ ప్రకటనతో దీనికి చెయ్యి చాచారు. 2015లో ఫిలడెల్ఫియాలోని ఒక కథోలిక విశ్వవిద్యాలయంలో శిల్పి జాషువా కాఫ్‌మన్ చెక్కిన కొత్త జంటమూర్తులను పోపు ఫ్రాన్సిస్ ఆశీర్వదించారు. ఇద్దరు స్త్రీలూ పక్కపక్కనే కూర్చున్నారు, ఇద్దరికీ కిరీటాలున్నాయి, ఒకరి గ్రంథం వైపు ఒకరు చూస్తున్నారు.

పోపుల మాటలతో అన్ని చిక్కులూ విడిపోలేదు. ప్రొటెస్టెంటుల్లో ఒక పెద్ద వర్గం, సంఘం ఇశ్రాయేలు స్థానాన్ని ఆక్రమించిందన్న పాత వాదాన్ని మరో దారిలో కాదన్నది. పందొమ్మిదో శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ ఇశ్రాయేలు వేరు, సంఘం వేరు, రెంటికీ దేవుని ప్రణాళికలు వేరని బోధించాడు. 1909నాటి స్కోఫీల్డ్ బైబిలు దాన్ని లోకమంతా వ్యాపింపజేసింది. ఈ బోధ యూదులకు గౌరవమిచ్చినట్టే కనిపిస్తుంది. కాని వారిని అంత్యకాల నాటకంలో పాత్రలుగా మాత్రమే చూసే ప్రమాదం అందులో ఉంది. 1948లో ఏర్పడిన ఇజ్రాయెల్ రాజ్యం చేసే ప్రతి పనికీ లేఖనపు ముద్ర వేసే ప్రమాదం అంతకంటే పెద్దది. పాలస్తీనా ఆంగ్లికన్ గురువు నయీం అతీక్ 1989లో ప్రచురించిన గ్రంథంలో, తన ప్రజలకు పాత నిబంధన చదవడమే ఎంత కష్టమైందో వివరించారు. ఇల్లు పోగొట్టుకున్న క్రైస్తవుడు ఆదివారం కీర్తన ఎత్తుకుంటే అందులో ఇశ్రాయేలు విజయం ఉంటుంది. యూదు ప్రజల నిబంధన నిలిచే ఉందని ఒప్పుకోవడం ఒకటి, ఒక ప్రభుత్వం చర్యలను విమర్శకు అతీతం చేయడం మరొకటి. రాజులను నిలదీసిన ఆమోసు, యెషయాల వారసత్వం మనకు ఈ వివేచన నేర్పాలి.

ఈ చరిత్రలో మన ప్రాంతానికి కూడా పాత్ర ఉంది. డార్బీ పనిచేసిన బ్రదరన్ ఉద్యమంనుంచే 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ గోదావరి డెల్టాకు వచ్చారు. ఇశ్రాయేలు వేరు, సంఘం వేరు అనే బోధ మన ఊళ్లలోని ఎన్నో సహవాసాల్లో నేటికీ వినబడుతుంది. సంఘమే కొత్త ఇశ్రాయేలు అన్న బోధ మరికొన్ని సంఘాల్లో ఉంది. తరచు ఒకే కాపరి రెండింటినీ రెండు ఆదివారాల్లో బోధిస్తాడు. 1878 జులై 3న ఒంగోలు మిషనులో జాన్ క్లౌ ఆధ్వర్యాన ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. గుడి గడప తొక్కనివ్వని సమాజంలో, ఒకప్పుడు జనం కాని మీరు ఇప్పుడు దేవుని జనమన్న పేతురు పత్రికలోని మాట వారి చెవిన పడినప్పుడు ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో ఊహించండి. మన పల్లెల్లో తాతలు మనవలకు ఇశ్రాయేలు అని పేరు పెట్టుకున్నది, మందిరాలకు సీయోను, బేతేలు, హెబ్రోను అని పేర్లు పెట్టుకున్నది ఆ ధైర్యంతోనే. దాన్ని ఎవరూ తక్కువ చేయరాదు. అడవి ఒలీవ కొమ్మకు వేరు రసం అందిందంటే ఇదే. అందుకోసం మరొకరిని చెట్టునుంచి నరకవలసిన పని ఆ తాతలకు రాలేదు. వాళ్లకు ఏ యూదునితోనూ పగ లేదు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో మరో సమూహం ఉంది. మాదిగ సమాజానికే చెందిన ఆ కుటుంబాలు తాము ఎఫ్రాయీము గోత్రపువారమని చెప్పుకుంటూ, తమను బెనే ఎఫ్రాయీము అని పిలుచుకుంటూ, సబ్బాతు ఆచరిస్తూ, హెబ్రీ నేర్చుకుంటూ, సమాజమందిరం కట్టుకున్నాయి. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ వారి మీద పరిశోధన గ్రంథం రాశారు. మిజోరం, మణిపూర్‌లకు చెందిన బ్నేయ్ మెనాషేలను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. కొత్తరెడ్డిపాలెంవారు అలాంటి గుర్తింపు కోసం ఎదురుచూస్తున్నారు. వంశవృక్షాన్ని ఆధారాలతో చూపలేరని వారిని తోసిపుచ్చేవారున్నారు. నేను అంత తొందరపడను. షోమ్రోను కూలిననాటినుంచి ఇశ్రాయేలు అనే పేరు ఎన్నోసార్లు రుజువులకంటే ఆచరణతోనే నిలిచింది. వారి విషయంలో తీర్పు చెప్పే అధికారం మాత్రం ఆ నిబంధన భారాన్ని తరతరాలుగా మోసినవారిది. బయటినుంచి మనం ఇచ్చేది కాదు.

ఈ సభలో కాపరులు, అధ్యాపకులు ఎక్కువమంది ఉన్నారు గనుక రెండు విన్నపాలు చేసి ముగిస్తాను. మన వేదాంత కళాశాలల్లో యూదు మతం గురించిన పాఠం క్రీ.శ. 70తో ఆగిపోతున్నది, మలాకీ తరవాత యూదులు పరిసయ్యులుగా మాత్రమే కనిపించి మాయమవుతారు. మిష్నా, తల్మూదు, మైమోనిడీస్, ఈనాటి యూదు ఆలోచన ఒక పాఠ్యాంశంగా ఉండాలి. ఆ గ్రంథాల్లో కొన్నింటినైనా తెలుగులోకి తెచ్చే పని ఏదైనా సంస్థ చేపట్టాలి. రెండో విన్నపం ప్రసంగ పీఠానికి సంబంధించినది. రోమీయులకు పత్రిక తొమ్మిదో అధ్యాయం బోధించిన కాపరి పదకొండో అధ్యాయం పూర్తిచేయకుండా దిగరాదు. ఇశ్రాయేలు అన్న మాట పలికినప్పుడు, ఆ పేరుగల ప్రజలు నేడు కూడా శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగించి అదే కీర్తనలు తమ సొంత భాషలో పాడుకుంటున్నారని శ్రోతలకు ఒక్క వాక్యమైనా చెప్పండి.